ఏ ఎం.ఆర్క్ చేసినా ఆర్కిటెక్ట్ అయిపోరు: అమెరికా లైసెన్స్ గురించి తిరుగుతున్న మెసేజ్‌కి జవాబు

బి.ఆర్క్ ఆఖరి ఏడాది పిల్లల గ్రూపుల్లోనూ వాళ్ల అమ్మానాన్నల గ్రూపుల్లోనూ అడ్మిషన్ల కాలం రాగానే ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది. మాటలు కొంచెం మారినా సారం ఇది: అమెరికాలో ఏ ఎం.ఆర్క్ చేసినా ఆర్కిటెక్ట్ అయిపోయినట్టే. మన బి.ఆర్క్, ఇక్కడ చేసిన ఉద్యోగం అక్కడ దేనికీ పనికిరావు. ఎన్‌కార్బ్ అనే సంస్థ లైసెన్స్ ఇస్తుంది, అది ఒకసారి వస్తే 50 రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. అసలు లైసెన్స్ లేకపోయినా ఆర్కిటెక్ట్‌గా పనిచేసుకోవచ్చు, ఎందుకంటే లైసెన్సులు చూసే స్టేట్ బోర్డులన్నవి ఫీజులు గుంజడానికి పెట్టినవే.

వీటిలో కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం. ఎక్కువ నష్టం చేస్తున్నవి ఆ సగం నిజాలే. వాటిని నమ్మి లక్షలకు లక్షలు లోన్ తీసుకుని వెళ్లి, రెండేళ్ల తర్వాత "ఈ డిగ్రీతో నేరుగా లైసెన్స్ రాదట" అని తెలుసుకుంటున్న పిల్లలున్నారు. అందుకే ఒక్కో మాటా తీసి చూద్దాం.

"ఏ ఎం.ఆర్క్ చేసినా చాలు." అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. అమెరికాలో ఆర్కిటెక్చర్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ ఒకటుంది, నేషనల్ ఆర్కిటెక్చరల్ అక్రెడిటింగ్ బోర్డ్. అందరూ నాబ్ అంటారు. అది గుర్తింపు ఇచ్చేది యూనివర్సిటీకి కాదు, కోర్సుకి. ఒకే బిల్డింగులో, ఒకే ప్రొఫెసర్ల దగ్గర నడిచే రెండు కోర్సుల్లో ఒకదానికి గుర్తింపు ఉండి రెండోదానికి లేకపోవచ్చు. హార్వర్డ్‌నే తీసుకోండి. అక్కడ ఎం.ఆర్క్ వన్‌కి నాబ్ గుర్తింపు ఉంది. ఐదేళ్ల బి.ఆర్క్ ముగించినవాళ్ల కోసం పెట్టిన ఎం.ఆర్క్ టూకి లేదు. మన పిల్లలు అర్హత చూసుకుని, తక్కువ కాలంలో అయిపోతుందని, ఫీజు కూడా తగ్గుతుందని సరిగ్గా ఈ రెండో రకం కోర్సులకే వెళ్తుంటారు. వీటిని పోస్ట్ ప్రొఫెషనల్ కోర్సులంటారు. ఎం.ఎస్. ఆర్కిటెక్చర్ అనీ, అడ్వాన్స్‌డ్ డిజైన్ అనీ రకరకాల పేర్లుంటాయి. చదువుగా అవి తక్కువవేం కావు, వాటిలో గొప్ప కోర్సులున్నాయి. కానీ లైసెన్స్ కోసం రాష్ట్ర బోర్డు ముందుకు వెళ్లినప్పుడు అవి గుర్తింపు పొందిన డిగ్రీ కిందికి రావు. ఈ తేడాని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పకపోతే చాలామంది పిల్లలకి తెలియదు.

పోనీ గుర్తింపు ఉన్న ఎం.ఆర్కే చేశారనుకుందాం. అప్పుడైనా డిగ్రీ చేతికి రాగానే ఆర్కిటెక్ట్ అయిపోరు. ఇంకా రెండు మెట్లున్నాయి. ఒకటి ఏఎక్స్‌పీ అనే అనుభవ కార్యక్రమం: ఆరు విభాగాల్లో కలిపి 3,740 గంటల పని చూపించాలి. ఇందులో అన్నిటికన్నా పెద్ద భాగం, 1,520 గంటలు, డ్రాయింగులూ డాక్యుమెంటేషనూ తయారుచేసే విభాగానిది. రెండోది ఏఆర్ఈ పరీక్ష, ఆరు పేపర్లు. ప్రాక్టీస్ నిర్వహణ దగ్గర్నుంచి సైట్‌లో నిర్మాణం పర్యవేక్షించడం దాకా అన్నీ ఉంటాయి. ఒక్కో పేపర్‌కి 200 డాలర్ల పైనే ఫీజు.

ఇక్కడ వీసా లెక్క కూడా కలిపి చూసుకోవాలి, దాన్ని ఆ మెసేజ్ ప్రస్తావించనే లేదు. వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి సుమారు 2,080 గంటలు. అంటే 3,740 గంటలు పూర్తవడానికి ఒక్కరోజు కూడా వృథా కాకుండా చేసినా దాదాపు రెండేళ్లు పడుతుంది. చదువయ్యాక మామూలుగా దొరికే ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి, ఏడాదే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కింద మరో రెండేళ్లు పొడిగింపు రావాలంటే ఆ కోర్సుని యూనివర్సిటీ ఏ కోడ్ కింద నమోదు చేసిందో చూడాలి. కొన్ని స్కూళ్లు తమ ఆర్కిటెక్చర్ కోర్సుని స్టెమ్ కోడ్ కిందికి మార్చుకున్నాయి, అన్నీ కాదు. సీటు ఒప్పుకునే ముందే అడగాల్సిన ప్రశ్న ఇది. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఆ కోడ్ ఉంటుంది.

ఇంకో చిన్న విషయం, దీనివల్ల గంటలు పోగొట్టుకుంటున్నవాళ్లు ఎక్కువ కాబట్టి చెబుతున్నాను. చేసిన పనిని ఎనిమిది నెలల్లోగా రిపోర్ట్ చేస్తే పూర్తి గంటలు లెక్కేస్తారు. అంతకన్నా ఆలస్యమైతే ఐదేళ్ల వెనకటి వరకూ సగమే లెక్క. "తర్వాత చూసుకుందాంలే" అనుకుంటే సగం అనుభవం పోయినట్టే.

"మన బి.ఆర్క్, మన అనుభవం అక్కడ పనికిరావు." ఇది వ్యతిరేక దిశలో జరిగిన తప్పు. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూలో, విజయవాడ ఎస్‌పీఏలో, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఐదేళ్లు స్టూడియోల్లో నిద్రలేని రాత్రులు గడిపిన పిల్లలకి ఇలాంటి మాట చెప్పడం అన్యాయం కూడా. విదేశీ డిగ్రీని విషయాల వారీగా పరిశీలించి, ఎన్‌కార్బ్ ప్రమాణాలతో పోల్చి, ఎక్కడ లోటుందో చెప్పే ఈఈఎస్ఏ అనే ఏర్పాటు ఉంది, దాన్ని నాబ్ నడుపుతుంది. లోటున్న విషయాలే చదివి పూర్తిచేస్తే చాలు, మొత్తం డిగ్రీ మళ్లీ చేయనక్కర్లేదు. 2016 నుంచి మరో దారి కూడా తెరుచుకుంది: సొంత దేశంలో రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్‌గా ఉన్నవాళ్లు ఏఎక్స్‌పీ, ఏఆర్ఈ పూర్తిచేసి ఎన్‌కార్బ్ సర్టిఫికెట్‌కి వెళ్లొచ్చు. మన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ ఇక్కడ అక్కరకొస్తుంది. అమెరికా వెళ్తున్నాం కదా అని దాన్ని రెన్యూ చేయకుండా వదిలేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అయితే ఈ దారిని అన్ని రాష్ట్రాల బోర్డులూ ఒకేలా ఒప్పుకోవు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్‌లతో ఉన్నట్టుగా పరస్పర గుర్తింపు ఒప్పందం ఇండియాతో లేదు. అలాగే ఇక్కడ చేసిన పని గంటలు కొంతవరకే లెక్కలోకి వస్తాయి. 3,740లో దాదాపు సగం, అంటే కనీసం 1,860 గంటలు అమెరికా లేదా కెనడా లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్ట్ పర్యవేక్షణలో, ఆర్కిటెక్చర్ ఆఫీసులో చేసినవై ఉండాలి. అంటే మన అనుభవానికి విలువ ఉంది, దానికొక హద్దు ఉంది.

"ఎన్‌కార్బ్ ఇచ్చే లైసెన్స్ 50 రాష్ట్రాల్లో చెల్లుతుంది." ఎన్‌కార్బ్ లైసెన్స్ ఇవ్వదు. 1919లో మొదలైన ఆ సంస్థ రాష్ట్రాల బోర్డులన్నీ కలిసి పెట్టుకున్న మండలి. 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, పోర్టోరికో, గ్వామ్ లాంటి ప్రాంతాలు కలిపి మొత్తం 55 బోర్డులు అందులో సభ్యులు. పరీక్ష తయారుచేయడం, గంటల రికార్డు దాచిపెట్టడం, సర్టిఫికెట్ ఇవ్వడం ఎన్‌కార్బ్ పని. లైసెన్స్ ఇచ్చేదీ, అవసరమైతే లాక్కునేదీ రాష్ట్ర బోర్డే.

ఎందుకిలా అంటే, వృత్తులను నియంత్రించే అధికారం అమెరికాలో మొదటినుంచీ రాష్ట్రాలదే. డాక్టర్ల లైసెన్స్ మీద వెస్ట్ వర్జీనియాలో వచ్చిన కేసులో 1889లోనే అమెరికా సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని సమర్థించింది. ఆర్కిటెక్టులకు మొదటగా లైసెన్స్ చట్టం చేసింది ఇల్లినాయ్, 1897లో. షికాగోలో ఎత్తైన భవనాలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న రోజులవి. తర్వాత ఒక్కో రాష్ట్రం ఒక్కో కాలంలో, ఒక్కో కారణంతో చట్టం చేసుకుంది. టెక్సాస్‌లో 1937 మార్చిలో న్యూ లండన్ అనే ఊళ్లో స్కూల్లో గ్యాస్ పేలి దాదాపు 300 మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. ఇంజనీర్లకూ ఆర్కిటెక్టులకూ రిజిస్ట్రేషన్ చట్టాలు ఆ రాష్ట్రంలో ఆ ఏడాదే వచ్చాయి.

కాబట్టి టెక్సాస్ లైసెన్స్‌తో కాలిఫోర్నియాలో డ్రాయింగుల మీద సీల్ వేయడం కుదరదు. అక్కడ మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. దీన్నే రెసిప్రాసిటీ అంటారు. ఎన్‌కార్బ్ సర్టిఫికెట్ ఉంటే చాలాచోట్ల కాగితాల పని తేలికవుతుంది, కానీ ఆటోమేటిక్‌గా ఏదీ జరగదు. కాలిఫోర్నియా అయితే వేరే రాష్ట్రంలో ఎన్నేళ్ల అనుభవం ఉన్నా తన సొంత అదనపు పరీక్ష రాయమంటుంది. భూకంపాల భయం ఉన్న రాష్ట్రం, సొంత బిల్డింగ్ కోడ్ (నిర్మాణ నియమాలు) ఉన్న రాష్ట్రం, అడగడంలో తప్పు లేదు. టెక్సాస్ వేలిముద్రలు అడుగుతుంది. అరిజోనా మాత్రం 2019లో వేరే రాష్ట్రాల లైసెన్స్‌తో తమ దగ్గర స్థిరపడేవాళ్లకి దారి సులువు చేస్తూ చట్టం తెచ్చింది. అరిజోనాలోనైనా లైసెన్స్ ఇచ్చేది ఆ రాష్ట్రమే.

"లైసెన్స్ లేకపోయినా ఆర్కిటెక్ట్‌గా పనిచేసుకోవచ్చు." సగం నిజం. లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్ట్ కింద జీవితాంతం పనిచేయొచ్చు, మంచి జీతంతో, మంచి ప్రాజెక్టుల మీద. అలా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల పనికి ఏ లోటూ లేదు. చిన్న ఇళ్లకు చాలా రాష్ట్రాల్లో మినహాయింపు కూడా ఉంది. కాలిఫోర్నియాలో రెండంతస్తుల వరకూ ఉన్న మామూలు చెక్క ఫ్రేమ్ ఇంటికి ఆర్కిటెక్ట్ తప్పనిసరి కాదు. కానీ "ఆర్కిటెక్ట్" అని విజిటింగ్ కార్డు మీద రాసుకోవడం వేరే సంగతి. అదే కాలిఫోర్నియా చట్టం లైసెన్స్ లేనివాళ్లు "ఆర్కిటెక్చరల్ డిజైనర్" అని ప్రకటించుకోవడాన్ని కూడా నేరంగా చెబుతుంది. ఇండియాలో ఆర్కిటెక్ట్‌గా రిజిస్టర్ అయి ఉన్నారు కదా అని లింక్డ్‌ఇన్‌లో అలాగే పెట్టుకుంటున్న మనవాళ్లు తాము ఉన్న రాష్ట్రం చట్టం ఏమంటుందో ఒకసారి చదవాలి.

ఈ అపోహ ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు. మన దేశంలో 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం, గుర్తింపు ఉన్న డిగ్రీ వచ్చాక కౌన్సిల్‌లో రిజిస్టర్ అయితే చాలు. వేరే లైసెన్స్ పరీక్ష లేదు, దేశమంతటికీ ఒకే రిజిస్టర్. పైగా ఆ చట్టం కాపాడేది బిరుదునే, పనిని కాదు. రిజిస్టర్ కానివాళ్లు ఆర్కిటెక్ట్ అనే పేరు వాడకూడదు గానీ డిజైన్ చేసే పనిని ఆ చట్టం నిషేధించలేదని 2020 మార్చిలో మన సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ అలవాటుతో అమెరికాని చూస్తే అక్కడి పద్ధతి అనవసరమైన అడ్డంకిలా కనిపిస్తుంది. అక్కడ మాత్రం బిరుదుతో పాటు పని కూడా లైసెన్స్ పరిధిలోనే ఉంది.

"బోర్డులు ఫీజుల కోసమే." ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. 1981 జులై 17 సాయంత్రం, మిస్సోరి రాష్ట్రం కాన్సస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో డాన్స్ పార్టీ జరుగుతోంది. పైన గాలిలో వేలాడుతున్న రెండు నడక వంతెనలు, నాలుగో అంతస్తుదీ దాని కింద రెండో అంతస్తుదీ, ఒక్కసారిగా కూలాయి. 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి ఒకే పొడవాటి ఇనుప కడ్డీ రెండు వంతెనలనూ మోయాలి. తయారీ దశలో దాన్ని రెండు కడ్డీలుగా మార్చారు: ఒకటి పైకప్పు నుంచి నాలుగో అంతస్తు దూలం దాకా, ఇంకొకటి ఆ దూలం నుంచి కింది వంతెన దాకా. ఈ మార్పుతో నాలుగో అంతస్తు దూలాన్ని పట్టుకున్న నట్టు మీద రెండు వంతెనల బరువూ పడింది, అంటే అది మోయాల్సినదానికి రెట్టింపు. మొదటి డిజైన్ కూడా నగర బిల్డింగ్ కోడ్ అడిగిన బలంలో సుమారు 60 శాతమే ఇవ్వగలదని తర్వాత దర్యాప్తులో తేలింది. ఆ మార్పు ఉన్న షాప్ డ్రాయింగుల (భాగాల తయారీకి వాడే వివరమైన డ్రాయింగుల) మీద ఇంజనీరింగ్ సంస్థ రివ్యూ ముద్ర ఉంది.

ఆ ప్రమాదంలో ఎవరికీ క్రిమినల్ శిక్ష పడలేదు. చర్య తీసుకున్నది ఎవరు? ఆర్కిటెక్టులనూ ఇంజనీర్లనూ కలిపి చూసే మిస్సోరి రాష్ట్ర బోర్డే. ఫిర్యాదు పెట్టి, విచారణ జరిపించి, తీవ్ర నిర్లక్ష్యం రుజువయ్యాక ఇద్దరు ఇంజనీర్ల మిస్సోరి లైసెన్సులు రద్దు చేసింది. "లెక్క మేం చూడలేదు, తయారుచేసినవాళ్లు చూసుకుంటారనుకున్నాం" అన్న వాదన అక్కడ చెల్లలేదు. సీల్ వేసిన మనిషిదే బాధ్యత అని ఆ కేసు తేల్చింది. ఒక భవనం కింద నిలబడే మామూలు మనిషికి ఆ సీల్ తప్ప ఇంకే భరోసా ఉంది?

బోర్డుల్లో లోపాలు లేవని అనను. ఆ కేసులోనే ప్రమాదం నుంచి లైసెన్స్ రద్దు దాకా దాదాపు నాలుగున్నరేళ్లు పట్టింది, అది చాలా ఎక్కువ. ఒకే మనిషి పది రాష్ట్రాల్లో పనిచేయాలంటే పది రెన్యూవల్ ఫీజులు, పది రకాల నిరంతర విద్య గంటల లెక్కలు. వీటిని తగ్గించాలని అడగడం న్యాయమే, నేనూ అడుగుతాను. అది బోర్డులు ఉండకూడదని చెప్పడం కాదు.

ఇంకొకటి. చాలా రాష్ట్రాల బోర్డుల వెబ్‌సైట్లలో పేరు కొడితే ఆ మనిషికి లైసెన్స్ ఉందో లేదో, ఎప్పటిదాకా చెల్లుతుందో కనిపిస్తుంది. క్రమశిక్షణ చర్యలను కూడా చాలా బోర్డులు బయటపెడతాయి. అదేవిధంగా నాబ్ వెబ్‌సైట్లో గుర్తింపు ఉన్న కోర్సుల జాబితా స్కూల్ వారీగా, డిగ్రీ వారీగా ఉంటుంది. డల్లాస్‌లో ఇల్లు కట్టించుకుంటున్న కుటుంబమైనా, వరంగల్‌లో కూర్చుని కూతురి అడ్మిషన్ లెటర్ చదువుతున్న తండ్రైనా, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పైసా ఖర్చు లేకుండా ఈ రెండూ చూసుకోవచ్చు. ఆ మెసేజ్ మళ్లీ వచ్చినప్పుడు కింద ఈ రెండు లింకులు పెట్టండి.