జ్వాలాపురానికి ఒక మిద్దె కావాలి

బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే చిన్న ఊరుంది. అక్కడ చేలల్లో లోతుగా తవ్వితే తెల్లటి మెత్తని బూడిద తగులుతుంది. అది ఈ నేలలో పుట్టింది కాదు. సుమారు 74 వేల ఏళ్ల కింద సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడింది. గుట్టల మీద పడినదాన్ని కూడా వానలు లోయలోకి కడిగి తేవడంతో కొన్నిచోట్ల ఆ పొర రెండున్నర మీటర్ల మందాన పేరుకుంది.

ధార్వాడకు చెందిన పురావస్తు ఆచార్యుడు రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా తదితరులు ఇక్కడ తవ్వకాలు జరిపారు. బూడిద పొర కిందా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. రెండూ చాలావరకు ఒకే తీరువి. అంత పెద్ద విపత్తు తర్వాత కూడా ఈ లోయలో మనుషులు మిగిలారని 2007లో వాళ్లు ప్రకటించారు. ఆ పనిముట్లు చేసినవాళ్లు మనవంటి మనుషులేనా అన్న చర్చ ఇంకా తెగలేదు. దగ్గరలోనే ఒక రాతి చరియ కింద 35 వేల ఏళ్ల నాటి సన్నని రాతి పలుకుల పనిముట్లు బయటపడ్డాయి. ఇదే లోయలో బండల మీద పూర్వీకులు వేసిన బొమ్మలూ ఉన్నాయి. శాస్త్రం, కళ రెండూ ఒకే ఊరి పొలిమేరలో ఉండటం ఎంత అరుదు!

అలాంటి బూడిదను పాత్రలు తోమే పొడుల కోసం తవ్వి అమ్ముకున్నాం. తవ్విన కూలీని తప్పుపట్టలేం. వానలు లేని ఏడు చేతికి నాలుగు రూపాయలు వచ్చే పని అది. దాని విలువేమిటో ఆయనకు చెప్పనివాళ్లదే తప్పు, ఆ వరసలో పత్రికలుగా మేమూ ఉన్నాం.

మేం అడిగేది రిసార్టు కాదు, ఈ వారసత్వాన్ని కాపాడి చూపించే చోటు. రాయలసీమ పల్లెల్లో పాడుపడిన మట్టి మిద్దెలకు కొదవ లేదు. రాతి గోడలు, దూలాల మీద దంతెలు, పైన చవుడు మట్టి, ముందు నాపరాతి అరుగు. ఎండాకాలంలో ఫ్యాన్ లేకున్నా మధ్యాహ్నం నిద్ర పడుతుంది. ఏటా వానలకు ముందు చవుడు కప్పినంత కాలం ఆ ఇల్లు నిలుస్తుంది. ఇంటివాళ్లు ఊరు విడిచి వలసపోతే కప్పేవాళ్లుండరు. ముందు చినుకు కారుతుంది, తర్వాత దూలం పుచ్చుతుంది, ఆ తర్వాత గోడ కూలుతుంది. అలాంటి నాలుగైదు ఇళ్లను ఆ పని తెలిసిన పెద్దల చేతనే బాగు చేయించండి. ఒకటి పరిశోధకులు ఉండి పనిచేసే గది కావాలి, ఒకటి ఇక్కడి పనిముట్లను చూపించే గది. ఇంకో ఇంట్లో నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు నెల రోజులుండి తోబా కథను బొమ్మకట్టాలి. రాత్రి అరుగు మీద ఊరంతా కూర్చుని చూడాలి. ఆ ఊరి డిగ్రీ పిల్లలే గైడ్లు కావాలి, వాళ్లకు జీతం ఉండాలి.

ఇది గాలిమేడ కాదు. ఒడిశాలో పటచిత్రాల ఊరు రఘురాజ్‌పూర్‌ను 2000లో ఎంపిక చేసి వారసత్వ గ్రామంగా తీర్చిదిద్దారు. అక్కడ ఇళ్ల గోడలే చిత్రశాలలు, చిత్రకారులు ఇంట్లో కూర్చునే బొమ్మలు అమ్ముతారు. అంత దూరం ఎందుకు, మన బెలూం గుహలనే చూడండి. ఒకప్పుడు చెత్త పారబోసిన చోటు అది. స్థానికులు పట్టుబట్టడంతో పర్యాటక సంస్థ శుభ్రం చేయించి, 2002లో జనానికి తెరిచింది. పక్కనున్న కర్ణాటకలోని బళ్లారిలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరిట ఆదిమానవుల పనిముట్లకు మ్యూజియం ఉంది. ఆ ఫుట్ 1884లో బేతంచెర్ల దగ్గర బిలసర్గం గుహల్లో తవ్వకాలు జరిపినవాడు. ఆయన పని చేసిన ఉమ్మడి కర్నూలులో అలాంటి చోటు ఉండాలనుకోవడం అత్యాశ కాదు.

అన్నిటికంటే ముందు ఒక పని ఉంది. బూడిద పొర మిగిలిన చేలను సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి, అక్కడ తవ్వకం ఆపాలి. ఆ పొలాలు రైతుల సొంతం కాబట్టి ఊరికే లాక్కోకూడదు. కౌలు కట్టి ఏటేటా డబ్బు చేతికివ్వాలి. కనీసం ఒక్క గోతినైనా పైన రేకులు వేసి, పొరలు స్పష్టంగా కనిపించేలా ఉంచాలి. ఈ ఖరీఫ్ దుక్కులు మొదలయ్యేలోగా నంద్యాల కలెక్టరు, పురావస్తు శాఖ అధికారులు ఆ ఊరి రచ్చబండ దగ్గర రైతులతో కూర్చోవాలని కోరుతున్నాం.