సవరణ: టెక్సాస్ పత్తి సబ్సిడీ లెక్క

పశ్చిమ టెక్సాస్‌లోని గెయిన్స్ కౌంటీ పత్తి రైతుల గురించి నిన్న పెట్టిన పోస్టులో, అమెరికా ప్రభుత్వం ఆ ఏడాది ఎన్ని ఎకరాల్లో పత్తి వేస్తే అన్ని ఎకరాలకూ సబ్సిడీ ఇస్తుందని రాశాను. అది తప్పు.

అక్కడి వ్యవసాయ శాఖ నిబంధనల ప్రకారం పీఎల్‌సీ (ప్రైస్ లాస్ కవరేజ్, ధర పడిపోతే సాయం ఇచ్చే) పథకంలో డబ్బు 'బేస్ ఎకరాల'కు వస్తుంది. అంటే పాత సాగు చరిత్రను బట్టి ఆ పొలం పేరిట ఖాతాలో నమోదైన ఎకరాలు. వాటిలోనూ 85 శాతానికే లెక్క కడతారు. ఈసారి అదే నేలలో వేరుశనగ వేసినా పత్తి బేస్ మీద చెల్లింపు రావచ్చు (వినడానికి వింతగానే ఉంటుంది). మార్కెట్ సగటు ధర, చట్టంలో ముందే నిర్ణయించిన 'రిఫరెన్స్ ధర' కంటే పడిపోయిన ఏడాదే ఇది వస్తుంది, ఏటా కాదు. గింజ తీయని పత్తికి 2018లో ఆ రిఫరెన్స్ ధర పౌనుకు 36.7 సెంట్లు. 2025 చట్టంతో 42 సెంట్లు అయింది.

కామెంట్లలో కొందరు దీన్ని మన మద్దతు ధర లాంటిదనుకున్నారు. ఈ పథకంలో ప్రభుత్వం పత్తి కొనదు, తేడా సొమ్ము మాత్రమే ఇస్తుంది. పంట బీమా ప్రీమియంలో సర్కారు భరించే వాటా ఈ పథకంలోది కాదు, అది వేరే. పాత పోస్టులో ఆ పేరా మార్చాను.