వాసాను నీళ్లలోనే వదిలేయాల్సిందా?

(స్వీడన్ యుద్ధనౌక వాసా 1628లో తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోం రేవులో మునిగింది. 1961లో పైకి తీశారు. తీయడం సరైనదేనా అన్నది వాదం.)

శారద: నీళ్లలో 333 ఏళ్లు నిలిచిన ఓడ, మూర్తి గారూ. జబ్బులన్నీ ఒడ్డుకొచ్చాకే మొదలయ్యాయి.

మూర్తి: నీళ్లలో క్షేమంగా ఉందని ఎవరన్నారండీ? దాని ఇనుప బోల్టులు అక్కడే తుప్పుపట్టి పోయాయి. బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ కాబట్టి చెక్కను తొలిచే ఓడపురుగు అక్కడ బతకలేదు. అది ఓడ అదృష్టం, అంతే.

శారద: అదృష్టం ఉన్నచోట చెయ్యి పెట్టడం దేనికి? నానిన చెక్క గట్టిగానే కనిపిస్తుంది. కానీ చెక్కకు బలమిచ్చే సెల్యులోజ్‌ను బాక్టీరియా చాలావరకు తినేసి ఉంటుంది, కణాల గోడల్ని నిలబెట్టేది ఆ నీరే. ఆరబెడితే నీరు పోతూ గోడల్ని లోపలికి లాగేస్తుంది. దూలం ముడుచుకుపోయి చీలుతుంది.

మూర్తి: అందుకే కదా, మైనంలాంటి పాలీఇథిలీన్ గ్లైకాల్‌ను 1962 నుంచి 1979 దాకా చల్లారు! నీరున్న చోటికి మెల్లగా అది చేరింది.

శారద: పైపొరల్లోకి చేరింది. ఓక్ చేవలోకి అంత సులువుగా దిగదు. పైగా 2000లో వానలు ఎక్కువైన వేసవిలో ఓడ మీద తెల్లటి, పసుపు మచ్చలు తేలాయి. రేవులోని మురికినీళ్ల నుంచి చెక్కలో చేరిన గంధకం, గాలి తగిలి సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుతోంది. తుప్పులోని ఇనుము దాన్ని ఇంకా ఎగదోస్తోంది.

(మూర్తి గారు ఈ మచ్చల సంగతి ముందే ఎత్తుకోవాల్సింది. దాటేయాలని చూశారు.)

మూర్తి: చూశారు, పట్టుకున్నారు. ఏసీ వ్యవస్థ మార్చారు. 2011 నుంచి 2018 మధ్య 5,000కు పైగా బోల్టులు తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి బిగించారు.

శారద: అయినా సొంత బరువుకే వంగుతోంది. కొత్త ఊతం కడుతున్నారు. మునిగిన ఓడల్లాంటి వారసత్వం గురించిన 2001 యునెస్కో ఒప్పందం కూడా, ముందుగా ఉన్నచోటే కాపాడే మార్గం చూడమంది.

మూర్తి: ముందుగా అంది, ఎప్పుడూ తీయొద్దనలేదు. అడుగునే ఉంచితే లంగర్లు, ట్రాలర్ వలలు ఊరుకుంటాయా? ఓడలో దొరికిన తెరచాపలు, నావికుల బట్టలు, అస్థిపంజరాలు, ఇవన్నీ మనకెలా తెలిసేవి?

శారద: తీయొద్దని నేనూ అనను. తీసేముందు వందేళ్ల ఖర్చు ఎవరు భరిస్తారో రాయించుకోండి.

మూర్తి: 1961లో అలా అడిగి ఉంటే అసలు తీసేవాళ్లే కాదండీ!

శారద: నేను చెప్పేదీ అదేగా.