మా ఇల్లరికపు అల్లుడు ఎర్ర గులాబీ గారికి

విశాఖపట్నం,
ఆదివారం ఉదయం, కుండీ పక్క నుంచి.

మహారాజశ్రీ అల్లుడు గులాబీ గారికి మామగారు వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. పొద్దున లేవగానే ఇంటిల్లిపాదీ ముందు చూసేది అదే.

మీ సంబంధం కుదిరిన రోజు మీకు గుర్తుండకపోవచ్చు, నాకుంది. మొక్కల ట్రాలీ ఆటో మైకులో అరుచుకుంటూ మా సందులోకి వచ్చింది. ఆ కుర్రాడు మిమ్మల్ని కవరుతో సహా పైకెత్తి, పెళ్ళిళ్ళ పేరయ్యలా అందుకున్నాడు. "పొట్టి రకం సార్, అడుగున్నర దాటదు. చిన్న కుండీ చాలు. గుర్తొచ్చినప్పుడు నీళ్ళు పోయండి, అంతే. మెయింటెనెన్స్ అసలుండదు." మా మేనత్త సంబంధాలు చెప్పేటప్పుడు సరిగ్గా ఇలాగే చెబుతుంది. కుర్రాడు బుద్ధిమంతుడు, ఏ అలవాట్లూ లేవు, పెట్టింది తింటాడు. ఆవిడ చెప్పిన కుర్రాళ్ళలో పెట్టింది తిన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అయినా నమ్మాను. 150 రూపాయలంటే బేరమాడి 120కి ఖాయం చేసుకున్నాను. కట్నం తక్కువలో తేలిందని మురిసిపోయాను. లాంఛనాల సంగతి అప్పటికి తెలీదు.

పైగా అమెరికా సంబంధం అన్నాడు. విశాఖలో ఆ మాట వినబడితే ఇక జాతకాలు కూడా చూడరు. ఆ రాత్రి కూర్చుని మీ వంశం గురించి చదివాను. అమెరికాలోని విస్కాన్సిన్‌లో విలియం రాడ్లర్ అనే ఆయన, మందులు కొట్టే పని లేని గులాబీ కావాలని ఏళ్ళ తరబడి మొక్కలకు మొక్కలను కలిపి, నల్లమచ్చ తెగులుకు లొంగని ఎర్ర గులాబీని సాధించాడు. 2000లో అది నాకౌట్ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. వాడిన పూలు ఎవరూ తుంచనక్కర్లేదు, అదే రాల్చుకుని మళ్ళీ పూస్తుంది. తరవాత ఆ వంశంలో పొట్టి రకం కూడా పుట్టింది. అంతా నిజమే. కాకపోతే ఆయనది మంచు కురిసే ఊరు. మీరేమో కడియంలో కళ్ళు తెరిచి, తుని, అనకాపల్లి మీదుగా లారీలో వచ్చారు. కవరు చింపి మీ కాళ్ళ దగ్గరి బంకమట్టి ముద్ద చూడగానే మాకర్థమైంది, అమెరికా కాదు గోదావరి జిల్లా అని. పోనీలెండి. పెళ్ళికి ముందు చుట్టరికం కాస్త పెంచి చెప్పుకోవడం మనలో ఉన్నదే.

మొదటి పేచీ గది దగ్గర వచ్చింది. మీకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలట. మా పెరట్లో ఒకప్పుడు ఎండకు కొదవ లేదు. పక్క స్థలంలో అయిదంతస్తులు లేచాక, సూర్యుడు పదింటికి వచ్చి ఒంటిగంటకు వెళ్ళిపోతున్నాడు. అందుకని పొద్దున మిమ్మల్ని గేటు దగ్గర, మధ్యాహ్నం వెనక గట్టు మీద కూర్చోబెట్టాం. మీరేమో పొట్టివారు, మీ కుండీ మాత్రం సిమెంటుది. నా నడుం పట్టేశాక మేడ మీదకు మార్చాం. అక్కడ ఎండ బాగానే ఉంది గానీ, సముద్రపు గాలి తగులుతుంది. ఆ ఉప్పు గాలికి మా కిటికీ ఊచలే తుప్పు పట్టి పొట్టు రాలుతున్నాయి. వారం తిరక్కుండా మీ ఆకుల అంచులు మాడాయి. మళ్ళీ కిందికి దించాం. ఈ ఊరేగింపుల్లో మీరు గుచ్చిన చోట్లు లెక్కపెడితే పన్నెండు. శాస్త్రం ప్రకారం గులాబీవి అసలు ముళ్ళే కావట, పైచర్మం మీద లేచిన మొనలట. నా వేలికి ఆ సంగతి చదివి వినిపించాను. ఊరుకోలేదు.

భోజనాల దగ్గర ఇంకో గొడవ. పశువుల ఎరువు, వేపపిండి దాకా మా అమ్మ ఏమీ అనలేదు. ఎముకల పొడి పొట్లం ఇంట్లోకి రాగానే, "ఇదేటిరా, ఎముకలా? ఆ పువ్వు నేను స్వామికి ఎలా పెట్టీది?" అని వీధిలోకి వినబడేలా అడిగింది. అది వేర్లకు మంచిదమ్మా అన్నాను. "మరి మందారానికెవడు పెట్టాడు?" అంది. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు. చివరికి ఒప్పందం కుదిరింది. ఆ పొడి వేసిన పక్షం రోజులు మీ పువ్వు దేవుడికి వెళ్ళదు, మా ఆవిడ జడలోకి వెళ్తుంది. దేవుడికి పనికిరాని పువ్వు తనకిస్తారా అని మా ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఇక నీళ్ళు. మీ పేరు పారశీకం నుంచి వచ్చింది. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. పేరులోనే నీళ్ళు పెట్టుకుని, కాళ్ళ దగ్గర కాసిని నీళ్ళు నిలిస్తే ఆకులు పసుపు చేసుకుని కూర్చుంటారు. ఏప్రిల్‌లో ఒక్కపూట మరిచిపోతే తల వాల్చేస్తారు. పొద్దున పొయ్యాలి, మొదలు దగ్గరే పొయ్యాలి, ఆకు తడవకూడదు. మా ఇంటి అసలు అల్లుడు కూడా కాఫీకి ఇన్ని షరతులు పెట్టలేదు.

అన్నిటికంటే పెద్ద గొడవ వర్షాకాలం. నల్లమచ్చ తెచ్చే బూజుకు ఆకు మీద కొన్ని గంటలు తడి నిలిస్తే చాలు, మొలిచేస్తుంది. ఆకు తడిగా ఉంచకండి అని రాసినవాళ్ళు జూలైలో విశాఖకు వచ్చి ఉండరు. దండెం మీద బట్టలే మూడు రోజులకు ఆరని ఊళ్ళో ఆకు ఆరుతుందా? ఆగస్టుకల్లా మీ ఒంటి మీద అయిదాకులు మిగిలాయి. చుట్టుపక్కలవాళ్ళు పరామర్శకు వచ్చారు. ఒకావిడ టీ పొడి వెయ్యమంది, ఒకావిడ ఉల్లిపాయ తొక్కల నీళ్ళు పొయ్యమంది, దిష్టి తియ్యమన్న ఆవిడ మాట మాత్రం వెంటనే అమలైంది. మా ఆవిడ లీటరు నీళ్ళలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి వారం వారం కొట్టింది. మీ పువ్వుకు వాసన లేదన్న లోటు తీరిపోయింది. ఇల్లంతా వేపనూనె గుబాళించింది.

కోలుకోగానే మీరు చేసిన పని ఏమిటి? తమ్ముణ్ణి తెచ్చి పెట్టారు. అడుగున్నర దాటరన్న మీకు ఒక కొమ్మ నాలుగడుగులు లేచింది. నున్నగా, ఏపుగా, చూడముచ్చటగా ఉంది. వేపనూనె మహిమ అనుకుని ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాను. రెండు నెలలైనా మొగ్గ లేదు. వంగి చూస్తే అది మీది కాదు, మిమ్మల్ని అంటుకట్టిన ముడి కింద నుంచి లేచిన నాటు గులాబీ కొమ్మ. మీరు తినాల్సిందంతా అదే తినేస్తోంది. దాన్ని మొదలంటా పీకేసేసరికి చుట్టాల్లో నా పరువు కూడా దాంతోపాటు పోయింది. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అనలేదు.

ఇక్కడ మందారం సంగతి చెప్పాలి, మీ ఎదురుగానే ఉంది కాబట్టి. మా నాన్న పాతింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊళ్ళో చెట్లన్నిటినీ పడుకోబెట్టినప్పుడు అదీ మొదలు దాకా విరిగింది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఎవరి గొడవ వాళ్ళది. ఆ మోడును తీసి పారేసే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది. అందువల్లే బతికింది. కొన్నాళ్ళకు చిగుళ్ళు వేసింది. ఇప్పుడు రోజూ పదీ పన్నెండు పూలు పూస్తుంది, సాయంత్రానికి ముడుచుకుంటుంది, మర్నాడు మళ్ళీ పూస్తుంది. దాని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. ఫొటో ఒక్కటీ లేదు. బొత్తామంత పువ్వు పూసిన రోజున మీకు మాత్రం నాలుగు వైపుల నుంచీ ఫొటోలు.

మొన్న ఇదంతా ఏకరువు పెట్టి, "మెయింటెనెన్స్ లేదని చెప్పి ఎంత మోసం చేశాడు!" అన్నాను. మా ఆవిడ మజ్జిగ గిలకొడుతూ తలెత్తకుండానే, "ఆటో అబ్బాయి మీతో చెప్పాడు కదండీ. మీకు లేదుగా" అంది. లెక్క వేసుకుని చూశాను. రాలిన మచ్చాకులు ఏరేది మా అమ్మ. నీళ్ళూ, మందూ మా ఆవిడ. ఎర్రనల్లి పురుగు పట్టిందేమోనని ఆకు తిరగేసి చూసేది మా అమ్మాయి. నా వాటా ఫొటోలు, ఈ ఉత్తరం, నడుం పట్టేదాకా మోసిన కుండీ. ఆ మూడోది కూడా సగం పక్కింటి కుర్రాడే పట్టుకున్నాడని ఆవిడ గుర్తు చేసింది.

కాబట్టి మీ మీద ఫిర్యాదు రాద్దామని మొదలుపెట్టిన ఈ ఉత్తరాన్ని ఇక్కడితో ఆపి, కబురొకటి చెబుతాను. వానలు వెనకబట్టాక మీకు క్షవరం ఉంది. బయటివైపు చూసే కన్నుకు, అంటే చిగురు వేసే చోటుకు, కాస్త పైన ఏటవాలుగా కత్తిరించాలట. నేనే చేస్తానన్నాను. మా అమ్మ కత్తెర దాచేసింది.

ఇంకొకటి. పొద్దున ఆ ఆటో మళ్ళీ వచ్చింది. "తెల్లది సార్, ఇదీ పొట్టి రకమే, మెయింటెనెన్స్ అసలుండదు" అని మైకులోనే చెప్పాడు. నేను తలుపు వేసి వచ్చేలోపు గేటు దగ్గర బేరం అయిపోయింది. మా అమ్మ 100కే తెంపింది. సాయంత్రం మీ తోడల్లుడు దిగుతున్నాడు. గట్టు మీద కాస్త జరిగి కూర్చోండి.

ఇట్లు,
మీ మామగారు
(ఫొటోల విభాగం)