పేరు వద్దు, నాటకం మాత్రం కావాలి!

నాటకాల గ్రూపులో ఒకాయన ఇప్పుడే మెసేజ్ పెట్టారు. 1895లో నాటక రచయిత ఆస్కార్ వైల్డ్ అరెస్టయ్యాక ఆయన పేరు పోస్టర్ల మీద తీసేయడంలో తప్పేముంది, థియేటర్ నడవాలి కదా అని. కింద వరసపెట్టి లైకులు. ఒళ్లు మండిపోతోంది.

1895 ఫిబ్రవరి 14న లండన్ సెయింట్ జేమ్స్ థియేటర్‌లో ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’ మొదటి ఆట పడింది. వైల్డ్ మీద కక్షగట్టిన క్వీన్స్‌బెర్రీ ప్రభువు కూరగాయలు విసిరి రచ్చ చేద్దామని వస్తే లోపలికి రానివ్వలేదు. లోపల జనం విరగబడి నవ్వారు. ఆల్జర్నన్ వేషం కట్టిన అలన్ ఐన్స్‌వర్త్, తన యాభై మూడేళ్ల నటనలో అంతటి విజయం చూడలేదని తర్వాత చెప్పుకున్నాడు.

మగవాళ్లతో సంబంధాలున్నాయన్న నేరం మీద ఏప్రిల్ 5న వైల్డ్‌ను అరెస్టు చేశారు. వెంటనే పోస్టర్ల మీద ఆయన పేరు మాయం. నాటకం మాత్రం మే 8 దాకా ఆడింది! ఆయన రాసిన ప్రతి డైలాగూ కావాలి, టికెట్ డబ్బులు కావాలి, పేరు మాత్రం పనికిరాదు. అదేం కథో తెలుసు కదా? ఎర్నెస్ట్ అనే పేరున్నవాణ్నే పెళ్లాడతామని ఇద్దరమ్మాయిలు పట్టుబట్టే కథ. అలాంటి నాటకం రాసినవాడికే పేరు లేకుండా చేశారు. 1899లో పుస్తకం వేసినప్పుడు కూడా ‘లేడీ విండర్మియర్స్ ఫ్యాన్’ రచయిత అని వేశారే తప్ప వైల్డ్ అని వేయలేదు.

థియేటర్ నడిపిన జార్జ్ అలెగ్జాండర్ చివరికి ఆ నాటకం హక్కులు వైల్డ్ కొడుక్కే రాసిచ్చాడుగా అంటారు. రాసిచ్చాడు, మంచిదే. కానీ ఆయన మీద నాకు అంతకన్నా పాత కోపం ఒకటుంది. నాలుగంకాల నాటకాన్ని మూడుకు కుదింపించింది ఆయనే. అందులో ఎగిరిపోయిన సీన్ ఏమిటనుకున్నారు? హోటల్ బాకీ కట్టలేదని ఆల్జర్నన్‌ను హాలోవే జైలుకు పట్టుకుపోవడానికి గ్రిబ్స్‌బీ అనే లాయరు వస్తాడు. లండన్ నడిబొడ్డున వెస్టెండ్‌లో భోంచేసినందుకు ఊరి శివారు జైల్లో కూర్చోవాలా అని ఆల్జర్నన్ ఎదురుతిరుగుతాడు. ఆ ఏప్రిల్‌లో వైల్డ్‌ను విచారణకు ముందు ఉంచింది ఆ హాలోవేలోనే. ఆ సీన్ చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

ఈ నాటకం వేద్దామనుకునే మిత్రులారా, దయచేసి నాలుగంకాల ప్రతి వెతికి పట్టుకోండి. నిడివి ఎక్కువైందని గ్రిబ్స్‌బీని మాత్రం కొట్టేయకండి.