కోళ్లకు అన్నం కాదు, ఆకూ పురుగూ పెట్టండి

గుంటూరు చుట్టుపక్కల పెరడు మిగిలిన ఇళ్లలో కోళ్లకు ముద్దుగా పెట్టేది ఒకటే, మిగిలిపోయిన అన్నం. అమెరికాలో ఇంటి వెనక నాలుగు పెట్టల్ని పెంచుకుంటున్న మనవాళ్లలో చాలామందిదీ అదే అలవాటు. ఇది మార్చుకోవాలని నేను గట్టిగా అంటాను.

గుడ్లు పెట్టే కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. అందులో సుమారు 16 శాతం ప్రొటీన్ ఉండాలి. ఉడికిన అన్నంలో 3 శాతం కూడా ఉండదు. పొద్దున్నే అన్నంతో కడుపు నింపుకున్న కోడి దాణా సరిగ్గా తినదు. ఒంట్లో కొవ్వు పడుతుంది, గుడ్లు తగ్గుతాయి. చిరుతిండి ఏదైనా మొత్తం మేతలో పదో వంతు దాటకూడదనేది అందుకే.

తాడేపల్లిలో మా పిన్నితో ఈ మాటంటే ఒప్పుకోలేదు. "అన్నం పారేస్తే పాపం కదరా, కోళ్లు తింటే తప్పేంటి?" అంది. నిజమే, పారేయక్కర్లేదు. సాయంత్రం దాణా తిన్నాక కాస్త చల్లితే చాలు. అసలు మంచి తిండి పెట్టడం ఆవిడకు తెలుసు. పాత కుండలో తడిగడ్డి, పేడ కుక్కి చెట్టు కింద బోర్లిస్తుంది. కుండ ఎత్తేసరికి నిండా చెదలు. తల్లికోడి ఒక చెదపురుగును ముక్కుతో పట్టి, కింద వదిలి, మళ్లీ పట్టి, కొక్ కొక్ మంటూ పిల్లల్ని పిలుస్తుంది. అవి పరిగెత్తుకొచ్చి తినేదాకా తాను మింగదు. అమెరికాలో చెక్క ఇళ్లు కాబట్టి మీరు మాత్రం ఈ కుండ జోలికి పోవద్దు. అక్కడ ప్యాకెట్లో దొరికే ఎండు పురుగులే నయం.

పురుగు తర్వాత నా ఓటు మునగాకుకే. కొమ్మ విరిచి కోడి మెడకు అందేంత ఎత్తులో కట్టండి, మెడ చాచి పీక్కు తింటాయి. పచ్చసొనకు మంచి రంగు వస్తుంది. మన మిర్చి కూడా పెట్టొచ్చు. పక్షులకు కారం మంట తెలియదు, మిర్చిలోని ఎరుపు సొనలోకి దిగుతుంది. అయితే చవగ్గా వస్తున్నాయి కదా అని బూజు పట్టిన తాలుకాయలు, అంటే రంగు పోయిన నాసిరకం మిర్చి, తేవద్దు. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పాతబడిన వేరుశనగ చెక్కతోనూ అదే భయం.

బెజవాడ ఎండల్లో కోళ్ల బాధ చూడలేం. వాటికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతాయి. మధ్యాహ్నం గింజలు వేస్తే అవి అరిగేటప్పుడు ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది. చల్లటి పుచ్చకాయ ముక్కలు, కీరదోస వేయండి. గింజలు పొద్దు వాలాకే.

ఆవకాయ కలిపిన అన్నం అసలు వద్దు, అంత ఉప్పు కోడి తట్టుకోలేదు. ఉడకని రాజ్మా, అవకాడో తొక్క, గింజ విషమే. గుడ్డు పెంకులు మాత్రం చెత్తబుట్టలో వేయకండి. కడిగి, ఎండబెట్టి, మెత్తగా నలిపి దాణా పక్కన విడిగా ఒక గిన్నెలో పెట్టండి. కాల్షియం ఎంత కావాలో పెట్టలే చూసుకుని తింటాయి.