రెక్కలు రాకముందే

మా బావ షెడ్డులో విమానం కడుతున్నాడు. బొమ్మ కాదు, ఎక్కి ఎగిరేదే. కిట్ తెప్పించుకుని, ఫైబర్‌గ్లాస్ ముక్కలు ఒక్కొక్కటే అతికిస్తూ, వాటితో పాటు అక్క ఓపికను కూడా ఎమ్రీ పేపర్‌తో అరగదీస్తున్నాడు.

ఆ మధ్య ఈఎల్‌టీ వంతు వచ్చింది. ఎమర్జెన్సీ లొకేటర్ ట్రాన్స్‌మిటర్. విమానం ఎక్కడైనా కూలితే ఆ దెబ్బకు తనంతట తనే నిద్రలేచి, "ఇక్కడున్నాం బాబోయ్" అని కేకలేసే పెట్టె. తెలిసినాయన ఎవరో తన పాత పెట్టె ఊరికే ఇస్తానన్నాడు. ఊరికే అనగానే బావకు మొహం వెలిగింది. తీరా చూస్తే అది 121.5 మెగాహెర్ట్జ్ మీద మాత్రమే అరిచే రకం. ఆ అరుపును వినడం ఉపగ్రహాలు 2009 ఫిబ్రవరి 1 నుంచి మానేశాయి. ఇప్పుడవి వినేది 406 మెగాహెర్ట్జ్‌నే.

"అంటే ఎంత అరిచినా పట్టించుకునే నాథుడు లేడన్నమాట. అలాంటిది ఇంట్లో నేనొకదాన్ని ఉన్నాను, చాలదూ?" అంది అక్క. బావ మారు మాట్లాడకుండా కొత్తది కొన్నాడు.

దీన్ని తోక వైపు ఎంత వెనక్కి వీలైతే అంత వెనక్కి బిగించాలి. కూలినప్పుడు ముక్కు నుజ్జయినా తోక మిగిలే అవకాశం ఎక్కువని. ఆ తోకలో బావ పొట్ట పట్టదు. నేను పడతాను. ఈ సంబంధం వల్ల తనకు కలిసొచ్చింది సన్నటి బావమరిది ఒక్కడేనని బావ ఎప్పుడూ అంటూనే ఉంటాడు. స్పానర్ చేతికిచ్చి, తల ముందు దూర్చి, నన్ను లోపలికి నెట్టాడు.

"పెట్టె మీద బాణం గుర్తుంది చూడు. అది ముందుకే ఉందా?"

"ముందుకే ఉంది బావా."

"ఎవరి ముందుకి?"

"నా ముందుకి."

"నీ ముందున్నది తోకరా!"

తోకలో పడుకున్నవాడికి తోకే ముందు. ఈ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ బాణం విమానం ముక్కు వైపే ఉండాలట. లోపలున్న స్విచ్ ఆ దిశలో వచ్చే దెబ్బనే కనిపెడుతుంది. సెకనుకు నాలుగున్నర అడుగుల మేర వేగం ఒక్కసారిగా పడిపోతే చాలు, లేచి కూర్చుంటుంది. నేను బిగించినట్టు బిగిస్తే విమానం రివర్స్‌లో వెళ్లి గోడను గుద్దాలి. అంతా విప్పి మళ్లీ బిగించాను.

యాంటెన్నాది ఇంకో గొడవ. కింద లోహం ఉంటేనే అది సరిగ్గా పనిచేస్తుంది. అల్యూమినియం విమానమైతే ఒళ్లే లోహం, బెంగ లేదు. మాది ఫైబర్‌గ్లాస్ కాబట్టి లోపల రేకు పట్టీలు చుట్టూ అతికించాలి. వంటింట్లో ఫాయిల్ చుట్ట ఏమైందో అక్క అడగలేదు, మేమూ చెప్పలేదు.

రిజిస్ట్రేషన్ మాత్రం బావ శ్రద్ధగా చేశాడు. ప్రతి పెట్టెకూ 15 అక్షరాల కోడ్ ఉంటుంది. ఆ కోడ్ ఎవరిదో, ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలో ముందే నమోదు చేయాలి. బావ అక్క నంబరిచ్చాడు. "కూలిన విమానంలో ఉండి నా ఫోన్ నేనే ఎలా ఎత్తుతాను?" అన్నాడు. కాదనలేం.

ఇక పరీక్ష. గంట కొట్టాక మొదటి అయిదు నిమిషాల్లోనే చేయాలి, మూడు కూతలు వినగానే ఆపేయాలి అని అమెరికా వాళ్ల పద్ధతి ఉంది. బావ దాన్ని పెద్దక్షరాలతో రాసి ప్యానెల్ మీద అంటించాడు. "ఇక నువ్వు వచ్చెయ్" అని నాతో చెప్పి, సరిగ్గా గంటకు స్విచ్‌ను ఆర్మ్ నుంచి, అంటే దెబ్బ కోసం కాచుకుని కూర్చునే స్థితి నుంచి, ఆన్‌కి తిప్పాడు. చేతి రేడియోలో "వీయూ... వీయూ..." మొదలైంది.

బావ ఆనందం పట్టలేకపోయాడు. ఎంత దూరం వినిపిస్తుందో చూస్తానంటూ రేడియో పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు. స్విచ్ ఆన్‌లోనే ఉంది. నేను వెనక్కి పాకుతూ ఉంటే బెల్టు బకిల్ ఎక్కడో తగులుకుంది. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. పెట్టె మీదా ఒక స్విచ్ ఉంది గానీ చేతికి జానెడు దూరంలో ఆగిపోయింది. "బావా, ఆపు!" అని నేను గావుకేకలు పెడుతుంటే, పెట్టె బజర్ నాకు పోటీగా అరుస్తోంది.

మూడు కూతలతో ఆపితే పోయేది. దాదాపు 50 సెకన్లు దాటితే మాత్రం 406 మీద అసలు సందేశం వెళుతుంది. అర సెకను సందేశమే, కానీ ఉపగ్రహం దాన్ని పరీక్ష అనుకోదు.

కాసేపటికి అక్క ఫోన్ పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. స్పీకర్‌లో ఎవరో రెస్క్యూ ఆఫీసరు.

"మేడమ్, మీ విమానం నుంచి ఆపద సంకేతం అందుతోంది. అది ఇప్పుడు గాల్లో ఉందా?"

"గాల్లో ఎక్కడండీ, దానికి రెక్కలే లేవు."

"రెక్కలు ఊడిపోయాయా?"

"ఇంకా పెట్టలేదు."

"విమానంలో ఎవరైనా ఉన్నారా?"

"మా తమ్ముడున్నాడు."

"ఆయన పరిస్థితి?"

"ఇరుక్కున్నాడు."

"ఏ భాగంలో?"

"తోకలో."

పాపం ఆయన మంచివాడు. ఇలాంటి సంకేతాల్లో ఎక్కువ భాగం ఉత్తివేనని చెప్పాడు. గట్టిగా నేలకు తగిలి దిగినవీ, హ్యాంగర్‌లో ఎవరో స్విచ్ తాకినవీ రోజూ వస్తూనే ఉంటాయట. రెక్కల్లేని విమానం మాత్రం తన సర్వీసులో ఇదే మొదటిదన్నాడు. ముందు స్విచ్ ఆర్మ్‌లో పెట్టమనీ, ఆ వెంటనే తమ్ముణ్ణి బయటికి లాగమనీ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

బావ పరుగున వచ్చి స్విచ్ తిప్పాడు. ఆ తర్వాత లాగ్‌బుక్ తీసి, పైకి చదువుకుంటూ రాశాడు: "ఈఎల్‌టీ పరీక్ష తృప్తికరం. సంకేతం ఉపగ్రహానికి అందినట్టు ఫోన్ ద్వారా నిర్ధారణ అయింది."

రాసి, సాక్షి సంతకం కోసం పుస్తకాన్నీ పెన్నునూ నా కాళ్ల దగ్గర పెట్టాడు.